మామ్మగారి రీచార్జి

మా పెద్దక్కయ్యకు 78 ఏండ్లు. కోనసీమలో తాతలనాటి మండువా యింట ఒంటరిగా నివసించుచున్న ఆమెకు, హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న కుమారుడు రెండేండ్ల క్రిందట ఒక స్మార్ట్‌ఫోను కొనియిచ్చి, అందులో మనుమరాలి ముఖము చూచుటయు, వాట్సాప్‌లో వచ్చిన ఛాయాచిత్రములను తెఱచుటయు, పాలవానికి యూపీఐ ద్వారా పైకము పంపుటయు ఓపికతో నేర్పి వెళ్ళెను. నాటినుండి ఆమె నెలకొకమాఱు బజారులోని రీచార్జి దుకాణమునకు నడిచిపోయి, అచ్చటి కుఱ్ఱవాడు చెప్పినంత చెల్లించి వచ్చుచుండెను. మొన్న సంక్రాంతికి నేను వెళ్ళినపుడు తోడుగా నేనును నడిచితిని.

“మామ్మగారూ, మామూలుదే వేసెయ్యనా? రోజుకి ఒకటిన్నర జీబీది?” అని అతడడిగెను.

“నాకేం తెలుసు బాబూ, కిందటిసారి ఏది వేశావో అదే వెయ్యి,” అని ఆమె కొంగుముడి విప్పబోయెను.

నేను వారిద్దఱిని ఒక్క నిమిషమాగుమని, ఆమె ఫోను చేతికి తీసికొని, సెట్టింగులలో డేటా వినియోగమను చోట వెదకి చూచితిని. గడచిన నెల మొత్తమునకు ఆమె వాడినది 1.2 జీబీ. అనగా నెల్లాళ్ళలో ఆమెకు ఖర్చయినది, ఒక్క దినమునకు ఆమెకిచ్చిన దానికంటెను తక్కువ. మిగిలినదంతయు ఏ రాత్రికారాత్రి ఆవిరియైపోయినది. ఈ సంగతి వివరించి చెప్పగా అక్కయ్య, “లంకంత కొంపలో ఒక్కర్తినీ ఉన్నట్టే ఉందిరా ఇదీనూ,” అని నవ్వెను.

అక్కయ్యవంటివారు మన యిండ్లలో నెందఱో గలరు. పగలంతయు కార్యాలయములోని వై-ఫై మీద నుండి, ఇంటికి వచ్చి మరల ఇంటి వై-ఫైలో చేరు గుమాస్తా. సందేశములును, వార్తలును, బ్యాంకు లావాదేవీలును తప్ప వేఱు వ్యసనము లేని పింఛనుదారు. పొలమునకు పోవువేళ మాత్రమే ఫోను జేబులో నుంచుకొను రైతు. వీరందఱును అంతర్జాలమును ఉప్పువలె కొంచెము కొంచెముగా వాడుకొనువారు. అయినను దుకాణముల గోడలమీద పెద్ద అక్షరములతో కనిపించు పథకములు మాత్రము ఉప్పును అన్నముగా తినువారికొఱకు కూర్చినవి. మితముగా వాడుకొనువానికి తగినవి చిన్న అక్షరములలో, జాబితా అడుగున, అడిగినగాని చెప్పని చోట నుండును. ఇందులో వర్తకుని దోషమేమియు లేదు. ఏ వర్తకుడును చిన్న పొట్లమును ముందు వరుసలో పెట్టడు.

పూర్వము పట్టణములలో పూటకూళ్ళ యిండ్లుండెడివి. నెలకింత యని పైకము కట్టినవాడు రెండుపూటలను తినవచ్చును. ఏకాదశినాడు ఉపవసించినను, పొరుగూరు పెండ్లికి పోయినను, ఆ పూట భోజనము మరునాటికి జమకాదు. దినమునకు 1 జీబీ, ఒకటిన్నర జీబీ, 2 జీబీ యను పథకములన్నియు ఈ పూటకూళ్ళ పద్ధతికి చెందినవే. అర్ధరాత్రి పండ్రెండు గంటలు కొట్టగానే మిగిలిన డేటా పోయి, క్రొత్త కొలత మొదలగును. వీనికి భిన్నముగా, గడువంతటికిని కలిపి 2 జీబీ యనియో, 6 జీబీ యనియో, 24 జీబీ యనియో మొత్తముగా నిచ్చు పథకములు కొన్ని గలవు. ఇవి ఇంటిగాదెలోని ధాన్యమువంటివి. నేడు సోలెడు, రేపు తవ్వెడు, పండుగనాడు కుంచెడు తీసికొనవచ్చును. గడువు తీరువఱకు ఎవరును అడుగరు. మితవినియోగి వెదకవలసినవి ఈ రెండవ తరగతి పథకములే.

ధరల సంగతి యిచట కొంచెము వివరముగా చూచుట యుక్తము, ఏలయన జనులు మోసపోవునది లెక్కలు రాక కాదు, తప్పు లెక్క వేయుటచేత. 2024 జూలై 3న ఎయిర్‌టెల్ తన ధరలను పెంచినపుడు, 28 దినములకు మొత్తము 2 జీబీ యిచ్చు పథకము 179 నుండి 199 రూపాయలకును, అదే 28 దినములకు రోజుకు 1 జీబీ చొప్పున నిచ్చునది 265 నుండి 299కిని, ఏడాదికంతకును కలిపి 24 జీబీ యిచ్చునది 1799 నుండి 1999కిని పోయెను. ఈ ధరలలోను పథకములలోను పిమ్మట మార్పులు జరిగినవి, ఇకముందును జరుగును. కావున వానిని కంఠస్థము చేయనక్కఱలేదు, లెక్క వేయు తీరు చూచినచో చాలును. జీబీకి వెల కట్టిచూచినచో 199 రూపాయల పథకమున ఒక జీబీ 99 రూపాయల 50 పైసలు పడును. 299 పథకమున పది రూపాయల 68 పైసలు మాత్రమే. ఈ లెక్క చూపినంతనే ఎట్టి బుద్ధిమంతుడైనను 299 రూపాయలదే చవకయని తలయూపును. కాని నెలకు 1 జీబీ మాత్రమే వాడువానికి మిగిలిన 27 జీబీలు చవకయైననేమి, ప్రియమైననేమి? అతడు వానిని ముట్టనే ముట్టడు గదా.

అందుచే మితవినియోగి కొనుచున్న అసలు సరుకు డేటా కాదు, దినములు. తన నంబరు ప్రాణముతో నుండు దినములు, ఎవరైన పిలిచినపుడు పలుకు దినములు, బ్యాంకువారు పంపు ఓటీపీ వచ్చి చేరు దినములు: ఇవియే అతని కొనుగోలు. కావున పథకపు వెలను జీబీలతో గాక దినములతో భాగింపవలెను. అట్లు భాగించినచో, పై మూడింటిలో మొదటిది దినమునకు 7 రూపాయల 11 పైసలు, రెండవది 10 రూపాయల 68 పైసలు, ఏడాది పథకము 5 రూపాయల 48 పైసలు. జీబీ లెక్కలో చవకయైనది దినముల లెక్కలో అన్నింటికంటె ప్రియమైనది. ఏడాది మీద చూచినచో 299 రూపాయలది 3887 రూపాయలగును, 199ది 2587, ఏడాదిది 1999. మొదటిదానికిని కడపటిదానికిని గల 1888 రూపాయల వ్యత్యాసము పల్లెటూరి వృద్ధురాలికి చిన్నది కాదు.

ఇచట 13 మాఱులు గుణించితినని పాఠకులు గమనించియుందురు. 28 దినముల నెలలు ఏడాదికి పండ్రెండు కావు, పదమూడు. 28ని 13తో హెచ్చవేసినచో 364 వచ్చును. చంద్రుడైనను ఇరువదితొమ్మిదిన్నర దినములకుగాని ఒక మాసము పూర్తిచేయడు. టెలికాం కంపెనీల చంద్రుడు అంతకంటె వేగముగా తిరుగును. పంచాంగమున అధికమాసము రెండుమూడేండ్లకొకటి వచ్చును, రీచార్జి దుకాణమున ఏటేట వచ్చును. దీనిపై వినియోగదారులు మొఱపెట్టుకొనగా, ట్రాయ్ అని పిలువబడు భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు నిచ్చినది. దాని ప్రకారము ప్రతి కంపెనీయు 30 దినముల గడువుగల పథకము నొకదానిని, ప్రతి నెల ఒకే తేదీన పునరుద్ధరింపదగిన పథకము నొకదానిని తప్పక ఉంచవలెను. పింఛను వచ్చు తేదీని బట్టి ఖర్చులు సర్దుకొనువారికి ఈ తేదీ పథకము అనుకూలమైనది; అడిగినగాని చూపరు, అంతియే.

ధరలను ప్రభుత్వమే నిర్ణయించునని మనలో చాలమంది తలంతురు. అట్లు కాదు. ట్రాయ్ నియమములను విధించును గాని, మొబైల్ పథకముల వెలలను చాలవఱకు కంపెనీల విచక్షణకే విడిచిపెట్టినది. ఆ విచక్షణ ఎట్టి మలుపులు తిరిగినదో నడివయసు దాటిన మనకందఱకు జ్ఞాపకమే. 1995 జూలై 31న పశ్చిమ వంగరాష్ట్ర ముఖ్యమంత్రి జ్యోతి బసు, కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాటాడిన మొదటి మొబైల్ కాల్ నాటికి, పిలిచినవాడును పిలువబడినవాడును ఇరువురును డబ్బు కట్టవలసియుండెను. ఫోను మ్రోగిన సంతోషమునకంటె దానిని ఎత్తవలెనా యను విచారమే మిక్కుటముగా నుండిన ఆ దినములు 2003 వఱకు సాగినవి. 2016 సెప్టెంబరు 5న జియో రంగప్రవేశము చేసి కొన్ని నెలలపాటు డేటాను ఉచితముగా పంచిపెట్టుటతో, అంతవఱకు ఎంబీల లెక్కన పొదుపుగా వాడుకొనిన జనము జీబీల లెక్కకు అలవడిరి. 2019 డిసెంబరులోను, 2021 చివరలోను, 2024 జూలైలోను ధరలు మూడుమాఱులు పెరిగినవి. అలవాటు మాత్రము తగ్గలేదు; అది అవసరమా, కేవలము అలవాటా యని ఎవరును నిలిచి చూచుకొనలేదు.

చూచుకొనుట కష్టము కాదు. ప్రతి స్మార్ట్‌ఫోనునందును సెట్టింగులలో నెట్‌వర్కు విభాగము క్రింద, ఏ యే యాప్ ఎంత డేటా మ్రింగినదో పేరుపేరున పద్దు వ్రాసియుండును. కరణముగారి జమాబందికంటె అది నిక్కమైనది. వై-ఫై మీద వాడినది వేఱుగను, సిమ్ డేటా వేఱుగను చూపును గనుక రెండవదానిని మాత్రమే లెక్కకు తీసికొనవలెను. ఒక్క నెలగాక మూడు నెలలు చూచి, వానిలో ఎక్కువయైనదానికి నాలవ వంతు చేర్చుకొనినచో తన అవసరము తేలును.

ఏ పనికి ఎంత ఖర్చగునో స్థూలముగా తెలిసియుండుట మేలు. ఒక జీబీ యనగా 1024 ఎంబీలు. వ్రాతసందేశములు, యూపీఐ చెల్లింపులు, రైలు టిక్కెట్టు విచారణ మొదలగునవి పుట్టెడు ధాన్యములో గిద్దెడు కూడ కావు; వీనికొఱకు ఎవరును పెద్ద పథకము కొననక్కఱలేదు. వాట్సాప్‌లో మాట మాత్రమే వినిపించు కాల్ నిమిషమునకు సుమారు అర ఎంబీ. ముఖము కనిపించు వీడియో కాల్ అయినచో దానికి పదిరెట్లు. 128 కేబీపీఎస్ నాణ్యతతో పాటలు విన్నచో గంటకు 57 ఎంబీల చొప్పున పోవును. గంటసేపు ఘంటసాల పాటలు విన్నను గాదె కదలదు. గాదెను తూట్లు పొడుచునది వీడియో. సామాన్యపు స్పష్టతతో గంటసేపు చూచినచో అర జీబీ వఱకును, మిక్కిలి స్పష్టముగా చూచినచో ఒకటిన్నర జీబీకి పైగాను ఖర్చగును. అందులోను, మనము కోరకయే ఒకదాని వెంట నొకటిగా తమంత తామే కదలివచ్చు పొట్టి వీడియోలు మహాపాతకులు. వ్రేలు జరుపుచుండగనే పావుగంట గడచుటయు, ఆ పావుగంటలో వారము దినముల సందేశములకు సరిపోవు డేటా గడచుటయు తెలియదు. అక్కయ్య పద్దులో ఆదివారముల వీడియో మాటలు 600 ఎంబీలుండగా, గుంపులలో వచ్చిపడిన శుభోదయపు చిత్రములును దేవుళ్ళ వీడియోలును తమంత తామే దిగుమతియై 300 ఎంబీలు మ్రింగియుండెను. వాట్సాప్‌లో ఆ స్వయందిగుమతిని ఆపివేసి, యాప్‌ల నవీకరణ వై-ఫై ఉన్నచోట మాత్రమే జరుగునట్లు మార్చి, ఫోనులోని డేటా సేవరును తెఱచితిని. అయిదు నిమిషముల పని.

మొత్తపు డేటా పథకమును ఎన్నుకొనువారు ఒక మెలికను ముందే తెలిసికొనవలెను. ఇచ్చిన డేటా గడువుకు ముందే ముగిసినచో ఏమగునన్నది పథకమునుబట్టి మారును. కొన్నింటిలో వేగము 64 కేబీపీఎస్‌కు పడిపోవును. ఆ వేగమున 1 ఎంబీ ఛాయాచిత్రము దిగుటకు రెండు నిమిషములు పట్టును, వ్రాతసందేశములు మాత్రము నడచును. మఱికొన్నింటిలో ప్రధాన బ్యాలెన్సునుండి ఎంబీకి ఇంతయని కోసికొందురు. ఎంబీకి 50 పైసలన్న మాట వినుటకు చిల్లరగా తోచును గాని, జీబీకి లెక్కకట్టినచో అది 512 రూపాయలు! కావున ప్రధాన బ్యాలెన్సులో పెద్ద మొత్తమును నిలువయుంచుట అనవసరము. పెండ్లికో, ప్రయాణమునకో అదనముగా కావలసివచ్చినచో డేటా మాత్రమే యిచ్చు చిన్న వోచరును ఆ పూటకు వేయించుకొనుట చాలును. ఏడాదికొకమాఱు వచ్చు చుట్టములకొఱకు ఏడాది పొడవున పెద్ద యిల్లు అద్దెకు తీసికొనుట ఎందులకు? అయితే అట్టి వోచరు పనిచేయుటకు అసలు పథకము గడువులో నుండి తీరవలెను.

బొత్తిగా డేటా అక్కఱలేనివారి మాట. 2024 డిసెంబరులో ట్రాయ్, మాటలకును సందేశములకును మాత్రమే పరిమితమైన పథకములను కంపెనీలన్నియు విధిగా నీయవలెనని చెప్పి, అట్టి ప్రత్యేక వోచర్ల గడువును 90 దినములనుండి 365 దినములకు పెంచుకొన ననుమతించినది. మామూలు బటన్ ఫోను వాడువారికిని, ఇంటిలో వై-ఫై యుండి గడప దాటనివారికిని, రెండవ సిమ్‌ను బ్యాంకు పనులకు మాత్రమే అట్టిపెట్టుకొనువారికిని ఇది ఉపకరించును. ఉద్దేశము మంచిదే. కాని మఱుసటి నెలలో వచ్చిన ధరలు చూచినపుడు నాకు కొంత నవ్వు వచ్చినది. ఎయిర్‌టెల్ ఏడాది పథకము డేటా లేకుండ 1849 రూపాయలు; అంతకు పూర్వము 24 జీబీతో కలిపి 1999. డేటా తీసివేయగా తగ్గినది 150 రూపాయలు! కూర వలదన్నవానికి భోజనపు వెలలో కరివేపాకు ఖరీదు తగ్గించినట్లున్నది.

ఇక 5జీ. 2024 జూలై పెంపు పిమ్మట జియో, ఎయిర్‌టెల్ ఇరువురును అపరిమిత 5జీని దినమునకు 2 జీబీ గాని అంతకు మించి గాని యిచ్చు పథకములకే పరిమితము చేసిరి. మితవినియోగికి అది లేకున్నను లోటు కనిపించదు. 4జీలో సందేశము ఎంత వేగముగ పోవునో 5జీలోను కంటికి అంత వేగముగనే పోవును.

ఇంత లెక్క వేసి చవకైన కంపెనీని ఎన్నుకొని, తీరా ఇంటిలో సిగ్నలు లేకున్నచో ఆ చవకతనమంతయు వ్యర్థము. మా అక్కయ్య యింటి మట్టిగోడలు రెండడుగుల మందము. వీధి అరుగు మీద చక్కగ పలుకు ఫోను పడకగదిలో మూగవోవును. కావున మాఱదలచిన కంపెనీ సిమ్ గల పొరుగువానిని పిలిచి, మన యింటి మధ్య గదిలోనే అతని ఫోనుతో మాటాడి చూచుట ఏ ప్రకటనకంటెను నమ్మదగిన పరీక్ష. మాఱుట యిప్పుడు సులభమే: 2011 జనవరి 20 నుండి దేశమంతటను నంబరు మాఱకుండ కంపెనీ మాఱు సౌకర్యమున్నది. పోర్ట్ అను మాటను ఆంగ్లాక్షరములలో వ్రాసి, ప్రక్కన తన నంబరు చేర్చి 1900కు సందేశము పంపినచో ఒక సంకేతము వచ్చును. దానిని క్రొత్త కంపెనీవారి కీయవలెను. కంపెనీలో చేరి 90 దినములు నిండియుండుట నియమము. పాత పథకములో మిగిలిన దినములును, బ్యాలెన్సును వెంట రావు గనుక గడువు తీరు వేళకు మాఱుట మేలు. ఒక వింత చెప్పవలెను: 2014లో రాష్ట్రము రెండైనను టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు నేటికిని ఒకే సర్కిలు. ఆదిలాబాదువాడును ఇచ్ఛాపురమువాడును టెలికాం వారి దృష్టిలో ఒకే యింటివారు.

రెండవ సిమ్ ఉన్నవారికొక హెచ్చరిక. 90 దినములపాటు ఏ వినియోగమును లేనిచో ప్రీపెయిడ్ నంబరును రద్దుచేయవచ్చును. అప్పటికి ఖాతాలో 20 రూపాయలున్నచో ఆ 20 కోసికొని మఱి 30 దినములు కాపాడుదురు. ఇది నంబరు పరులపాలు కాకుండ నిలుపుటకే. పథకపు గడువు తీరిన కొలది దినములకు వచ్చు కాల్సును, సందేశములును సైతము ఆగిపోవును గనుక, పింఛను ఖాతాకో గ్యాసుకో ముడిపడిన నంబరును ఈ 20 రూపాయల దయకు వదలరాదు.

ఆనాడు దుకాణమున, రోజువారీది వలదని చెప్పి, దీర్ఘకాలపు గడువుతో మొత్తముగా డేటా నిచ్చునది చూపుమని యడుగగా, ఆ కుఱ్ఱవాడు ఫోనులో క్రిందికి, ఇంకను క్రిందికి జరుపుకొనుచు పోయి, కడకు ఒకదానిని కనుగొని, “ఇదెవరూ అడగరండి,” అనెను. అయిష్టముగనే యైనను వేసిపెట్టెను. అక్కయ్య అంతయు విని, తనకు మొత్తము ఎన్ని జీబీలు వచ్చినవో రెండుమాఱులు చెప్పించుకొనెను.

“వాడగా మిగిల్తే పై ఏటికి కలుస్తుందా బాబూ?”

“కలవదండి మామ్మగారూ. గడువైపోతే పోయినట్టే.”

ఆమె కొంత ఆలోచించి, కొంగుముడి మరల బిగించుకొనుచు, “అయితే ఆదివారాలు ఆ పిల్లతో ఇంకో పావుగంట మాట్లాడతాను,” అనెను.